వంకాయరంగు గోడలు

పొద్దున్నే పూర్ణయ్య గొంతు సవరించుకుంటే పెదలంకపాలెంలో పాలు విరుగుతాయని హైమవతి అనేది. మంచినీళ్ళ ట్యాంకరు ఏ వీధికి వస్తుందో, ఎవరి గేదె తప్పిపోయిందో చెప్పి, ఆ తర్వాత జుట్టు ఊడకుండా తలకి ఏం రాసుకోవాలో చెప్పి, ఆ పైన దేశాన్ని ఎలా నడపాలో కూడా అతను రేడియోలో చెప్పేవాడు. పూర్ణయ్యకి రంగుల కొట్టు ఉంది, బట్టతల ఉంది, లైసెన్సు లేదు.

హైమవతి వాయుతరంగ నిఘా విభాగంలో ఇంజనీరు. లైసెన్సు లేకుండా రేడియో నడిపేవాళ్ళని పట్టుకోవడం ఆమె ఉద్యోగం. అదేమంత గొప్ప విద్య కాదు. జీపు మీద తిరిగే ఏరియల్ ఎటు చూపిస్తే అటు వెళ్ళడం, డాబా మీద ఇనప గొట్టం నిలబెట్టిన పెద్దమనిషిని కిందికి దింపడం, పెట్టె జప్తు చేయడం. దొంగరేడియోల వాళ్ళంటే ఆమెకి కోపం కూడా ఉండేది కాదు, ఉన్నది చులకనే. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళకే ఊరంతటికీ చెప్పాలనే దురద పుడుతుందని ఆమె అభిప్రాయం.

పూర్ణయ్య విషయంలో మాత్రం జీపు మీది ఏరియల్‌కి మతి పోయింది. మసీదు వీధిలో ఉత్తరం చూపించింది. నాలుగడుగులు ముందుకు పోతే దక్షిణం చూపించింది. మార్కెట్టు దగ్గర ఎటూ చూపించలేక గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. రీజనల్ డైరెక్టర్ వరప్రసాద్ జీపులోంచి కాలు కింద పెట్టకుండానే మిషను పాడైపోయిందని తేల్చాడు. ఆయనకి అర్థం కాని వస్తువు ఏదైనా ఆయన లెక్కలో పాడైపోయినట్టే.

హైమవతి చేతిలో పట్టే చిన్న రిసీవరు తీసుకుని నడిచింది. ఒక ఇంటి ముందు పూర్ణయ్య గొంతు ఉన్నట్టుండి పెరిగింది. ఆ ఇంటి మీద తీగ లేదు, గొట్టం లేదు, బట్టలారేసే దండెం కూడా లేదు. ఉన్నదల్లా వంకాయరంగు గోడ. ఆ సంవత్సరం ఊళ్ళో సగం ఇళ్ళు ఆ రంగులోనే ఉన్నాయి. పూర్ణయ్య సగం ధరకి అమ్మాడు కాబట్టి జనం దాన్ని అందం అనుకున్నారు. ఆమె పిన్నీసు తీసి గోడ గీకి, రాలిన పెచ్చుని రిసీవరు ఏరియల్‌కి ఆనించింది.

"ఉల్లిపాయ రసం పట్టిస్తే కుదుళ్ళు గట్టిపడతాయి సోదరులారా," అంది పెచ్చు.

ఇంటావిడ బయటికొచ్చింది. "ఏంటమ్మా, గోడ గీకుతున్నారేంటి? నిన్నగాక మొన్న వేయించుకున్నాం."

"మీ గోడ మాట్లాడుతోందమ్మా."

"మాట్లాడితే మాట్లాడనియ్యండి. ట్యాంకరు ఎప్పుడొచ్చుద్దో మీరు చెప్తారా? ఆయన చెప్తాడు." ఆవిడ తలుపు వేసుకుంది.

కూపీ లాగితే రంగు పుట్టుక తెలిసింది. ఒక యూనివర్సిటీ లాబొరేటరీలో ఆసుపత్రి గదుల కోసం తయారుచేశారట. సెల్ టవర్లు గాల్లోకి చిమ్మే తరంగాలని గోడే పీల్చేసుకుని లోపల రోగులని ప్రశాంతంగా ఉంచాలన్నది ఆలోచన. పీల్చుకోవడం వరకూ బాగానే పీల్చుకుంది. పీల్చుకున్న శక్తిని దాచుకోలేక, దగ్గర్లో తన శ్రుతికి కలిసే ఏ చిన్న తరంగం పుట్టినా దాన్ని పట్టుకుని గట్టిగా బయటికి కక్కింది. ఒక గోడ కక్కింది పక్క గోడ అందుకుంటుంది, అది ఆ పక్కది. కరెంటు అక్కర్లేదు, స్తంభం అక్కర్లేదు. ఇంతటి వింతని చేతిలో పెట్టుకుని ఆ మేధావులు ప్రయోగం విఫలమైందని రాసేసి, పీపాలని పాత సామాను కింద వేలం వేశారు. పూర్ణయ్య పాడుకున్నాడు. పీపాలతోపాటు రంగుని పరీక్షించే వేలెడంత గాజుబిళ్ళ ఒకటి అతనికి వచ్చింది. రంగంతా ఆ బిళ్ళ తరంగానికే పలికేలా కలిపారు. బిళ్ళకి మైకు తగిలించి ఏ వంకాయరంగు గోడకి ఆనించి మాట్లాడినా ఊరు మొత్తం మాట్లాడుతుంది.

హైమవతి ఆ లాబొరేటరీ ప్రొఫెసరుకి ఫోను చేసింది.

"అది విఫలమైన రంగండీ," అన్నాడాయన. "విఫలమైనదానికి మేమెలా బాధ్యులం అవుతాం?"

"అది పనిచేస్తోంది సార్."

"పనిచేస్తే అది మాది కాదు," అని పెట్టేశాడు. అలాంటి తెలివికి జీతాలిచ్చి పోషిస్తున్నందుకు ఆమెకి ఒళ్ళు మండింది.

ఇక చట్టం. లైసెన్సు లేని పరికరాన్ని జప్తు చేయాలని చట్టంలో ఉంది. గోడ పరికరమా కాదా అని వరప్రసాద్ పై ఆఫీసుని అడిగాడు. పరికరమే అయితే జప్తు చేసి గోడౌనులో పెట్టమన్నారు వాళ్ళు. గోడని గోడౌనుకి ఎలా తేవాలో మాత్రం చెప్పలేదు. పూర్ణయ్యని పట్టుకుందామంటే రోజుకో ఇంట్లో కూర్చుని మాట్లాడేవాడు. ఏ ఇంట్లో ఉన్నాడో ఆ ఇంటివాళ్ళు అతనికి కాఫీ ఇస్తారు, నిఘా వాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వరు. జీపు వీధి మొదట్లో కనబడగానే, "మన అతిథులు వచ్చారు, దారివ్వండి," అని పూర్ణయ్యే ఊరంతటికీ చెప్పి గోడ దూకేవాడు.

ఇదంతా ఉద్యోగం బాధ. ఇలాంటి బాధలని ఆమె ఆఫీసులోనే వదిలేసి ఇంటికి వెళ్ళేది. ఈసారి వదలడం కుదరలేదు.

ఆమె భర్త రత్నాకరం అదే ఊళ్ళో శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సు నడుపుతాడు. పంతొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. పెళ్ళి ఆ తర్వాతే. పెదాల కదలిక చూసి మాటలు పట్టుకుంటాడు, తను మాత్రం కొంచెం గట్టిగా మాట్లాడతాడు. కొన్నేళ్ళ కిందట ఆపరేషన్ చేసి తల లోపల చిన్న తీగచుట్ట పెట్టి, చెవి వెనక మిషను తగిలించారు. వినిపించింది. ఎవరు ఏం మాట్లాడినా మూకుడులో ఇసక వేయిస్తున్నట్టు వినిపించింది. భార్య గొంతూ ఇసకే, లారీ హారనూ ఇసకే. ఆయన నవ్వి ఊరుకున్నాడు. హైమవతి మాత్రం ఆ డాక్టరుని ఇప్పటికీ క్షమించలేదు.

ఒకరోజు ఆమె ఇంటికి వచ్చేసరికి ఆయన మిషను తీసి బల్ల మీద పెట్టి, వంటింట్లో నిలబడి నవ్వుతున్నాడు.

"హైమా! ఎవడో మాట్లాడుతున్నాడు!"

"ఎవరండీ?"

"తెలీదు. ఉల్లిపాయ రసం అంటున్నాడు. ప్రతి అక్షరం వినపడుతోంది. ఒత్తులతో సహా!" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముసలివాడా, పడుచువాడా? నవ్వితే కీచుమంటాడు చూడు, ఆ కీచు కూడా వినపడుతోంది."

మిషను తీసినా వినబడుతోందంటే ఆమెకి అర్థమైంది. గోడల తరంగం నేరుగా తల లోపలి చుట్టలోకి వెళుతోంది. ముప్పై ఏళ్ళుగా నిశ్శబ్దంలో ఉన్న మనిషికి లోకం పంపిన మొదటి గొంతు పూర్ణయ్యది! లోకంలో ఇన్ని గొంతులుండగా ఆ అడ్డగాడిద గొంతే దొరికిందా అని ఆమె కుమిలిపోయింది. అసూయ కూడా పడింది. అది ఆమెకి సిగ్గుగా ఉంది, అయినా పడింది.

గుంటూరు డాక్టరు చూసి సంతోషించలేదు. బయటి మిషను ఉన్నది లోపలికి ఎంత వెళ్ళాలో అంతే పంపడానికని, ఈ తరంగం దాన్ని దాటుకుని అడ్డూ ఆపూ లేకుండా వెళుతోందని, నరం కాలుతోందని చెప్పాడు. ఇలాగే సాగితే వానాకాలం దాటేలోపు ఆ నరం చచ్చిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి మిషను వచ్చినా ఇసక కూడా వినపడదు.

"హైదరాబాదు మా అక్క వాళ్ళింటికి వెళ్ళండి," అంది హైమవతి, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ. "ఈ గొడవ తేలేవరకూ."

"అక్కడికి ఆయన రాడుగా."

"ఎవరు? ఆ పూర్ణయ్యా? వాడొక వదరుబోతండీ! వాడు చెప్పేదాంట్లో ఒక్క ముక్క పనికొచ్చేది ఉండదు."

"నువ్వు చెవులున్నదానివి, నీకు ఏరుకునే వీలుంది," అన్నాడు రత్నాకరం. "పోతే పోనీ హైమా. ఇన్నాళ్ళూ ఉండి నాకేం వినిపించింది? ఈ నాలుగు నెలలైనా విననియ్యి." మొగుడితో వాదించి గెలవడం ఆమెకి అలవాటు. ఆ రోజు మాత్రం వాదన మానేసి చెప్పులేసుకుంది.

ఆమె వరప్రసాద్ దగ్గరికి వెళ్ళి రంగు మొత్తం గీకించాలని చెప్పింది. గీకడానికి నిధులు లేవన్నాడు. అదే సమయంలో మంత్రిగారు ఊరికి వస్తున్నారని కబురొచ్చింది. మంత్రి వస్తున్నాడంటే గోడలకి సున్నం కొట్టించడానికి నిధులు ఎప్పుడూ ఉంటాయి. సున్నం మందంగా పడితే కింది రంగు నోరు మూతపడుతుందని వరప్రసాద్ కనిపెట్టాడు. తన జీవితంలో సొంతంగా వచ్చిన ఆలోచన అదొక్కటే కావడంతో దగ్గరుండి చేయించాడు.

"ఊరికే సున్నం కొడితే చేతికి అంటుద్దయ్యా," అన్నాడు మేస్త్రీలతో. "మా అమ్మమ్మ తొట్టిలో కల్లుప్పు దండిగా వేయించేది. అలా కలిపి కొట్టండి. పదేళ్ళు రాలదు."

రాలలేదు. సముద్రపు గాలికి ఆ ఉప్పు తేమ పట్టింది, తడి ఉప్పు కింది రంగుకి బలం ఇచ్చింది. అంతవరకూ ఊరి పొలిమేర దాటని పూర్ణయ్య చుట్టుపక్కల మండలాలన్నిటికీ వినిపించాడు. వంకాయరంగు పోయి ఊరంతా తెల్లబడటంతో ఏ గోడ మాట్లాడుతోందో తెలుసుకునే దారి కూడా మూసుకుపోయింది. మంత్రిగారు ఊరు శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు. వరప్రసాద్ ఆ మెప్పుని ఇప్పటికీ తలుచుకుంటాడు.

ఇంట్లో రత్నాకరం తలనొప్పి మాత్రలు దాచుకుని వేసుకోవడం మొదలుపెట్టాడు. హైమవతి చేతి రిసీవరుని వంటింట్లో పెట్టుకుని, పూర్ణయ్య మాట వింటూ ఆయన ముఖం చూసేది. మొదట్లో పూర్ణయ్య వెకిలి హాస్యానికి ఆయన వెంటనే నవ్వేవాడు. తర్వాత కాసేపాగి నవ్వాడు. ఒకరోజు పూర్ణయ్య ఎవరో చనిపోయిన వార్త చెబుతుంటే నవ్వాడు. ఆయనకి మాటలు వినపడటం తగ్గిపోయింది. తగ్గిపోయిందని ఆమెకి తెలియకూడదని నవ్వుతున్నాడు.

మర్నాడు హైమవతి సరాసరి పూర్ణయ్య కొట్టుకి వెళ్ళింది. అన్ని నెలలుగా విభాగం మొత్తం ఇళ్ళన్నీ వెతికింది గాని, ఎవరూ కొట్టులోకి తొంగిచూడలేదు. దొంగ తన పేరు రాసిన బోర్డు కిందే కూర్చుంటాడని వాళ్ళకి తట్టలేదు. నిఘా వాళ్ళ తెలివి ఎంతో తెలిసిపోయాక పూర్ణయ్య గోడలు దూకడం మానేసి, కొన్నాళ్ళుగా కొట్టులోనే డబ్బాల మధ్య కుర్చీ వేసుకుని మాట్లాడుతున్నాడు.

ఆమెని చూసి లేచాడు. మైకు మూసి, "రండి మేడమ్ గారూ. టీ చెప్పనా?" అన్నాడు. అరెస్టవుతానన్న బెంగ కంటే ఒక ఆఫీసరు వచ్చిందన్న గర్వమే అతని ముఖంలో ఎక్కువ కనబడింది.

ఆమె దాచకుండా చెప్పింది. భర్త సంగతి, నరం సంగతి, డాక్టరు అన్నమాట. పూర్ణయ్య నోరు తెరుచుకుని విన్నాడు.

"అంటే... ఆయనకి నా గొంతొక్కటే వినపడుద్దా?"

"ఒక్కటే."

"అబ్బ!" అన్నాడు పూర్ణయ్య. అతని కళ్ళు మెరిశాయి. "ఇంట్లో మా ఆవిడ కూడా నా మాట వినదు మేడమ్."

"ఆయన చెవులు పోతున్నాయయ్యా! నువ్వు మాట్లాడే ప్రతి మాటకీ పోతున్నాయి!"

"అర్థమైంది, అర్థమైంది. ఆపేస్తాను. ఆయన కోసం తప్పకుండా ఆపేస్తాను." గోడ మీది క్యాలెండరు చూశాడు. "వచ్చే నెల మన రేడియో వార్షికోత్సవం పెట్టుకున్నాం. అది కానిచ్చి ఆపేస్తాను. శ్రోతలకి మాటిచ్చాను కదా."

హైమవతి అతన్ని నఖశిఖపర్యంతం చూసింది. ఇతను దుర్మార్గుడైతే బాగుండేది. దుర్మార్గుణ్ణి ద్వేషించవచ్చు. ఇతను వట్టి డొల్ల, ఆ డొల్లలో మోగేది తన గొంతే కాబట్టి దాన్ని సంగీతం అనుకుంటున్నాడు. బయట దూరంగా విభాగం జీపు చప్పుడైంది. ఇన్నాళ్ళూ పాడై పడున్న రికార్డరు బాగుచేయించారని, ఇవాళ ఎలాగైనా గొంతు రికార్డు చేసి కేసు కడతామని వరప్రసాద్ పొద్దున చెప్పాడు. జీపు చప్పుడు వినగానే పూర్ణయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెనక తలుపులోంచి పరుగెత్తాడు. వార్షికోత్సవం గాని, శ్రోతలు గాని అతనికి అడ్డం రాలేదు.

గాజుబిళ్ళ బల్ల మీద గోడకి ఆనుకుని ఉంది, మైకు దానికే తగిలించి ఉంది. పగలగొడితే అయిపోతుంది. హైమవతి పక్కనున్న తూకపు రాయి అందుకుంది. అందుకుని ఆగిపోయింది. ఇది పగిలాక ఆయనకి మళ్ళీ ఇసకే. ఆమె గొంతు ఎలా ఉంటుందో ఆయనకి ఎప్పటికీ తెలీదు. రాయి ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో మైకు తెరిచింది.

"ఏవండీ, నేను." వీధిలోని రేడియోలన్నిట్లోంచీ తన గొంతే తిరిగిరావడం విని ఆమె ఉలిక్కిపడింది. "ఎక్కడున్నా కూర్చోండి. ఎక్కువసేపు మాట్లాడను, మీకు మంచిది కాదు. ఇదండీ నా గొంతు. కొంచెం బొంగురు. మీకు వినపడదు కదాని ఇన్నేళ్ళూ మీ వెనకాల చాలా అన్నాను. సగం తిట్లే. మిగతా సగం తిట్లు కాదు, అది చెబుదామని. సాయంత్రం మీరొచ్చే వేళకి నేను టీవీ కట్టేసి కూర్చుంటాను. ఎందుకో మీకు తెలీదు. మీరు గేటు తీసే చప్పుడు కోసం. మీకు చప్పుడు తెలీదు కాబట్టి దాన్ని ధడేల్మని వేస్తారు. వీధంతా విసుక్కుంటుంది. నాకు ఆ చప్పుడంటే ప్రాణం." మైకుని ఇంకా దగ్గరికి లాక్కుంది. "మీరు నిద్రలో మాట్లాడతారు. అప్పుడు మీ గొంతు చాలా మెత్తగా ఉంటుంది. అది ఒక్క నాకే తెలుసు. ఇప్పుడు దీన్ని పగలగొడుతున్నానండీ. నామీద అలగకండి."

రాయి పడింది. ఊళ్ళో అన్ని వేల గోడలు ఒక్కసారిగా వట్టి గోడలైపోయాయి.

అన్ని నెలల వేటలో విభాగానికి దొరికిన సాక్ష్యం ఆ కాసేపటి రికార్డింగే. వరప్రసాద్ దాన్ని పదిసార్లు విని, దొంగరేడియోలో లైసెన్సు లేకుండా మాట్లాడినందుకు హైమవతి మీద కేసు రాశాడు. కొట్టులోకి తను వచ్చేసరికే బిళ్ళ పగిలిపోయిందని, అయినా ఆ గొంతు ఆమెదేనని వాంగ్మూలం ఇచ్చాడు. పూర్ణయ్యని సాక్షిగా పిలిచారు. కొట్టులో ఉన్నానని ఒప్పుకుంటే మైకు తనదని ఒప్పుకున్నట్టే కాబట్టి, ఆ రోజు పెళ్ళికి వెళ్ళానని, రేడియో అంటే ఏమిటో తెలియదని చెప్పి దండం పెట్టి వెళ్ళిపోయాడు. రికార్డింగులో పేర్లు లేవు. మొగుడి పేరు నోటితో పలికే అలవాటు హైమవతికి లేదు. ఏవండీ అనేవాళ్ళు ఆ ఊళ్ళో ఇంటికొకరు ఉన్నారు.

పై ఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారికి సాయంత్రం రైలుంది. ఫిర్యాదు చేసిన మనిషి మాట ఒక్కటే చాలదని, గొంతు గుర్తుపట్టడానికి ఇంకో సాక్షి కావాలని రత్నాకరాన్ని పిలిచాడు. ఆయన చెవి వెనక మిషను సర్దుకుని కూర్చున్నాడు. రికార్డింగు వేశారు. "ఏవండీ, నేను," అని గదిలో వినిపించింది. హైమవతి తల దించుకుంది.

రత్నాకరం శ్రద్ధగా విన్నాడు. ఒకసారి మళ్ళీ వేయమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"కాదండీ," అన్నాడు.

"సరిగ్గా వినండి," అన్నాడు అధికారి, కాగితం మీద రాసి కూడా చూపించాడు. "ఇది మీ భార్య గొంతేనా?"

"కాదంటున్నాగా. మా ఆవిడ గొంతు నేను విన్నాను. బొంగురుగా, దగ్గరగా ఉంటుంది. ఇదేదో గరగరమంటోంది. ఇది ఎవరిదో నాకు తెలీదు." ఆయన కళ్ళల్లో అబద్ధం లేదు. హైమవతికి ఆ కళ్ళు బాగా తెలుసు.

ఆమె నాదేనని చెప్పడానికి లేచింది. అధికారి గడియారం చూసుకుని, నిందితురాలిని అడగాల్సిన అవసరం ఇక లేదని, గొంతు ఎవరిదో తేలలేదని రాసి సంతకం పెట్టేశాడు. వరప్రసాద్ ఏదో అనబోయాడు గాని, ఆయన చెప్పింది ఎవరూ పట్టించుకోలేదు.

బస్టాండులో ఇద్దరూ సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. డాక్టరు నరంలో సగం మిగిలిందని, మిగిలింది ఇక చెడిపోదని చెప్పాడు. బస్సులు, సోడా బండి, బఠాణీల వాడి కేకలు, అన్నీ ఆయనకి మళ్ళీ ఒకే మోత. హైమవతి ఆయన వైపు తిరగకుండా కూర్చుంది. ఆయనకున్న ఒకే ఒక్క స్పష్టమైన గొంతుని తన చేత్తోనే తీసేశానన్న బాధ ఆమెని తినేస్తోంది.

"హైమా, ఇటు చూడు," అన్నాడు రత్నాకరం గట్టిగా. పక్కవాళ్ళు తిరిగి చూశారు. "వారం నుంచి నువ్వు నన్ను ఒక్క మాటా అనడం లేదు. ఏమైంది?"

"ఏమంటే మాత్రం మీకేం వినపడుతుంది?" అంది ఆమె.

"ఇదుగో, ఇప్పుడన్నావు చూడు, అది వినపడింది."

"ఎలా?"

"పెదాలు చూస్తే మాట తెలుస్తుందిగా. నీ గొంతు ఆ రోజు విన్నాను, గుర్తుంది. దాన్ని తెచ్చి దీనికి కలుపుకుంటున్నాను. బాగానే అతుకుతోంది." ఆయన బెంచీ మీద ఆమెకి ఎదురుగా సర్దుకుని కూర్చున్నాడు. "అయితే ఆ రోజు నువ్వు మెత్తగా మాట్లాడావు. కోపం వస్తే నీ గొంతు ఎలా ఉంటుందో ఊహకి అందటంలా. నీకు బాగా కోపం తెప్పించేవాళ్ళ గురించి చెప్పు. నెమ్మదిగా, పెదాలు కనపడేట్టు చెప్పు."

హైమవతి కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుని, వరప్రసాద్‌తో మొదలుపెట్టింది.